విత్తనమును బలపరచుట పాపమా?

ధ్యానమునకు ముందు చదువవలసిన భాగములు: యెషయా 28:23–29, యోనా 4:5–11, రోమీయులకు 11:17–24



సేద్యముచేసి బ్రదుకు మన సంఘములలో ఇప్పుడు ఒక ప్రశ్న తిరుగుచున్నది. మొక్కయొక్క స్వభావములోనికి మనుష్యుడు చెయ్యి పెట్టి, దానికి లేని గుణమును కలుగజేయవచ్చునా? పురుగుకు లొంగని వేరును శాస్త్రజ్ఞులు తయారుచేసినయెడల, దానిని మనము కృతజ్ఞతాస్తుతులతో నాటవలెనా, లేక దేవుని పనిలో చెయ్యి పెట్టుటయని విడిచిపెట్టవలెనా? కొందరు దీనిని బాబెలు గోపురముతో పోల్చుచున్నారు. మరికొందరు ఇందులో ఆలోచింపవలసినదేమియు లేదు, దిగుబడి పెరిగిన చాలునందురు. మొదటివారు భయముచేతను, రెండవవారు ఆశచేతను తొందరపడుచున్నారు. విశ్వాసికి రెండును తగవు. గనుక పైరుకు కలుగు శత్రువులలో ఒక్కదానిని తీసికొని, వాక్యపు వెలుగులో ఈ ప్రశ్నను నిదానముగా పరిశీలింతము.

కంటికి కనబడని శత్రువు

వంగ, టమాట, బెండ, మిరప, పసుపు, అరటి, జామ, దానిమ్మ పండించువారికి ఈ శత్రువు చేయు నష్టము తెలిసినదే. మొక్క మధ్యాహ్నము వాడిపోయి, సాయంకాలమునకు తేరుకొనుచుండును. ఆకులు పాలిపోవును. ఎరువు వేసినను, నీరు పెట్టినను ఎదుగుదల ఉండదు. చివరకు విసుగెత్తి మొక్కను పెరికి చూచినప్పుడు వేళ్ళనిండ బుడిపెలు కనబడును. వేరుశనగ, కంది మొదలైన పప్పుజాతి మొక్కల వేళ్ళమీద ఉండు బుడిపెలు వేరు. అవి వేరు ప్రక్కను అంటుకొని, గోటితో తీసిన ఊడివచ్చును, నేలకు సత్తువనిచ్చును. ఈ చెడు బుడిపెలో వేరే వాచియుండును, దానిని ఊడదీయ వీలులేదు.

దీనికి కారణమైన జీవిని మనము నులిపురుగు అందుము. వేరులో దూరు దశలో దాని పొడవు ఇంచుమించు అర మిల్లీమీటరే. మంటిలోని సన్నని తడిలో ఈదుచు వేరుకొనను వెదకి లోపలికి దూరును. అక్కడ తన లాలాజలమును కొన్ని కణములలోనికి ఎక్కించి, అవి మితిమీరి పెరుగునట్లు చేయును. ఆ కణములే దానికి పాలిచ్చు ఆవులవలె ఆహారమిచ్చుచుండును. పిమ్మట అది అక్కడనుండి కదలదు. ఆడపురుగు బేరిపండు ఆకారముగా ఉబ్బి, జిగురు సంచిలో కొన్ని వందల గ్రుడ్లు పెట్టును. నేల వెచ్చగా ఉన్నయెడల ఇంచుమించు నెలదినములలో ఒక తరము ముగిసి మరియొక తరము బయలుదేరును.

గమనించుడి, అది మొక్కను ఒక్కసారిగా చంపదు. మొక్కయొక్క బలమునే తనకు పనివానిగా చేసికొనును. రైతు వేసిన ఎరువు మొదట పురుగుకు చేరి, మిగిలినది మొక్కకు చేరును. మన హృదయములో రహస్యముగా పోషింపబడు పాపమును గూర్చి ఆలోచించువారికి ఇందులో తగినంత బోధ ఉన్నది. అయితే ఈ దినమున మన ప్రశ్న మొక్కను గూర్చినది గనుక దానికే వత్తము.

ఇద్దరు దైవసేవకులు, ఒక సూక్ష్మదర్శిని

మొక్కలను పట్టు నులిపురుగును మొదట చూచినవారిలో ఇద్దరు దైవసేవకులుండుట మనకు గమనింపదగినది. 1743లో జాన్ టర్బర్‌విల్ నీడమ్ అను రోమను కతోలిక గురువు నల్లబడి ముడుచుకొనిన గోధుమ గింజను చీల్చి, దానిలోని నారవంటి పదార్థముపై నీటిచుక్క వేసి చూడగా, ఆ నారపోగులు కదలనారంభించెను. అవి ఎండి నిద్రించుచుండిన పురుగులు. తరువాత 1855లో ఇంగ్లండులో మైల్స్ జోసెఫ్ బర్క్‌లీ అను ఆంగ్లికన్ గురువు దోస మొక్కల వేళ్ళపై బుడిపెలను పరీక్షించి, వాటికి కారణము ఇట్టి పురుగులేయని వ్రాసెను.

ఈ బర్క్‌లీ అంతకుముందే మరియొక గొప్ప పని చేసెను. 1845లో ఐర్లండు దేశములో బంగాళదుంప పైరు కుళ్ళిపోయి ఘోరమైన కరవు వచ్చెను. ఆ కరవులోను, దాని వెంట వచ్చిన రోగములలోను ఇంచుమించు పది లక్షలమంది మరణించిరి. ఇది దైవశిక్షయే అని కొందరును, చెడు వాతావరణమని కొందరును చెప్పుచుండగా, కుళ్ళిన ఆకుపై పెరుగు బూజే ఈ తెగులుకు కారణమని 1846లో బర్క్‌లీ వాదించెను. ఆ కాలపు శాస్త్రజ్ఞులలో అనేకులు ఆయన మాటను ఒప్పుకొనలేదు. ఆయన చూచినదే నిజమని తరువాత తేలెను.

ఆయన ఆకును పరీక్షించినందున ఆయన విశ్వాసము తగ్గినదా? లేదు. ఆకలితో మరణించుచున్న పొరుగువానిని చూచి, శిక్షయని చెప్పి చేతులు ముడుచుకొనుటకంటె, కారణమును వెదకుట భక్తిహీనత ఎంతమాత్రము కాదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఎవడు పాపము చేసెనని శిష్యులు అడిగినప్పుడు మన ప్రభువు ఆ లెక్కను ప్రక్కకు త్రోసి, తన్ను పంపినవాని పనిని పగలుండగానే చేయవలెనని చెప్పి వానిని స్వస్థపరచెను (యోహాను 9). మొక్కల రోగమును వెదకువారికిని ఆ మాదిరి చాలును.

సొరచెట్టును తొలిచిన పురుగు

అయినను ఒక ఆక్షేపణ ఉన్నది. యోనా గ్రంథములో సొరచెట్టును మొలిపించినవాడు దేవుడే, మరునాటి వేకువను దానిని తొలిచిన పురుగును ఏర్పరచినవాడును దేవుడే. పురుగు దేవుని దూతయైనప్పుడు దానిని ఎదిరించుట దేవుని ఎదిరించుట కాదా అని కొందరు అడుగుదురు.

ఆ అధ్యాయమును కడవరకు చదువుడి. అక్కడ దేవుడు తోటమాలికి బోధించుట లేదు. కనికరములేని ప్రవక్తకు బోధించుచున్నాడు. తాను నాటని, పెంచని చెట్టు ఎండినందుకు యోనా దుఃఖించెను గాని, లక్షా ఇరువదివేలకు మించిన జనముగల నీనెవె నశించినను అతనికి చింతలేదు. మనుష్యులయెడల కనికరము నేర్పుటకు వచ్చిన పురుగును చూపించి, మనుష్యుల ఆకలినిగూర్చి మనము నిర్లక్ష్యముగా ఉండవచ్చునని చెప్పుట ఆ గ్రంథమును తలక్రిందులు చేయుటయే.

ఇంకను ఆలోచించుడి. తోటను సేద్యపరచి కాయవలెనను పని మనుష్యునికి పతనమునకు ముందే అప్పగింపబడెను (ఆదికాండము 2:15). ఫలింపని అంజూరపు చెట్టును నరికివేయుమని యజమానుడు చెప్పగా, తోటమాలి ఒక్క యేడు గడువు అడిగి, చుట్టు త్రవ్వి ఎరువు వేసెదననెను (లూకా 13). ఆ తోటమాలిని ప్రభువు గద్దింపలేదు. యెషయా ప్రవక్తయైతే దున్నుట, విత్తుట, నల్ల జీలకఱ్ఱను ఒక విధముగాను గోధుమను మరియొక విధముగాను నూర్చుట, ఇవన్నియు రైతుకు దేవుడే నేర్పుచున్నాడని చెప్పుచున్నాడు. బల్లమీద రొట్టెను ఆశీర్వదించు దేవుడు కళ్ళములో వివేకమును కూడ ఇచ్చువాడు.

అయితే పురుగును గూర్చియు ఒక న్యాయమైన మాట చెప్పవలెను. భూమిమీద జంతువులను లెక్కించినయెడల ప్రతి అయిదింటిలో ఇంచుమించు నాలుగు నులిపురుగులేయని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. వాటిలో బహు రకములు మన పైరును తాకవు. అవి మంటిలోని సూక్ష్మజీవులను తిని, వాటిలోని సత్తువను తిరిగి నేలకిచ్చుచున్నవి. కొన్ని రకములు పైరును తినే పురుగులనే చంపి మనకు మేలుచేయుచున్నవి. కాబట్టి దేవుడు చేసిన ఈ విస్తారమైన జీవరాశి అంతటిని మనము శపింపకూడదు. వేరులో దూరిన దొంగను మాత్రము నివారింపవలెను.

ఈ భేదమును మరచినందున ఎంత హాని కలిగెనో ఒక సంగతి చూడుడి. 1950ల దశాబ్దమునుండి అమెరికాలో నులిపురుగులను చంపుటకు డీబీసీపీ అను మందును నేలలోనికి ఎక్కించుచుండిరి. 1977లో కాలిఫోర్నియాలో ఆ మందు తయారుచేయు కర్మాగారపు పనివారిలో అనేకులు సంతానశక్తిని కోల్పోయిరని పరీక్షలలో తేలెను. మధ్య అమెరికా అరటితోటలలో ఆ మందు చల్లిన కూలీలకును అట్టి హానియే కలిగెను. 1979లో అమెరికా ప్రభుత్వము దాదాపు అన్ని పైర్లపైని దానిని నిషేధించెను. నేలను శుద్ధిచేయుటకు వాడిన మిథైల్ బ్రోమైడు అను మరియొక విషవాయువు ఆకాశమందలి ఓజోను పొరను కొరుకుచున్నదని కనుగొనబడి, మాంట్రియల్ ఒప్పందము ప్రకారము ధనిక దేశములలో 2005 నాటికి, తక్కిన దేశములలో 2015 నాటికి, కొన్ని ప్రత్యేకమైన అవసరములకు తప్ప, మానివేయబడెను. అరటిగెల చవుకగా దొరకుటకు ఒక కూలివాడు తండ్రి కాలేకపోయెను. మందు వాడకయే వేరు తన్నుతాను కాచుకొనగలిగినయెడల అది ఎంత మేలో ఈ వృత్తాంతమే చెప్పుచున్నది.

జాతి ప్రకారము అను మాట

ఇప్పుడు ముఖ్యమైన ఆక్షేపణకు వత్తము. దేవుడు మొక్కలను వాటి వాటి జాతిప్రకారము మొలిపించెనని ఆదికాండము మొదటి అధ్యాయము చెప్పుచున్నది. రెండు విధములైన విత్తనములను ఒక చేనిలో కలిపి చల్లవద్దని లేవీయకాండము 19:19లో ఆజ్ఞ యున్నది. అట్లయితే ఒక జాతి గుణమును మరియొక జాతిలో పెట్టుట ఆజ్ఞాతిక్రమము కాదా?

దీనికి తొందరగా జవాబు చెప్పకూడదు. ఆ వచనములోనే రెండు విధముల దారములతో నేసిన బట్ట వేసికొనవద్దనియు ఉన్నది. మనలో ఎవరును ఆ మాటనుబట్టి బట్టల దుకాణములో దారము పరీక్షించుట లేదు. ఇశ్రాయేలీయులు ప్రత్యేకింపబడిన జనమని నిత్యము జ్ఞాపకము చేయుటకు ఆ విధులు ఇయ్యబడెనని మన పెద్దలు బోధించిరి. కందిలో జొన్న కలిపి విత్తుట మన మెట్టపొలములలో తాతలనాటి పద్ధతి. అది పాపమని ఏ కాపరియు చెప్పలేదు. అయినను ఆ ఆజ్ఞలో మనకొక హెచ్చరిక మిగిలియున్నది: సృష్టిలో హద్దులున్నవి, వాటిని ఆటగా దాటకూడదు.

హద్దు ఎక్కడ? టమాట మొక్కను చూడుడి. మనము తిను టమాటకు నులిపురుగును ఎదుర్కొను శక్తి లేదు. దక్షిణ అమెరికాలో పెరుగు ఒక అడవి టమాటకు ఆ శక్తి యున్నది. ఈ రెంటిని సంకరము చేసినప్పుడు గింజ పక్వము కాకమునుపే చచ్చిపోవుచుండెను. 1944లో కాలిఫోర్నియాలో స్మిత్ అను శాస్త్రజ్ఞుడు ఆ లేత పిండమును గింజనుండి తీసి, గాజుపాత్రలో పెంచి మొక్కను చేసెను. ఆ ఒక్క మొక్కనుండియే నులిపురుగుకు లొంగని టమాట రకములు లోకమంతట వ్యాపించెను. ఆ శక్తినిచ్చు జన్యువును శాస్త్రజ్ఞులు 1998లో వేరుచేసి గుర్తించిరి. ఎవరును లక్ష్యపెట్టని అడవి మొక్కలో దేవుడు దాచియుంచిన ధనము తోటలోని మొక్కను కాపాడెను.

రోమీయులకు వ్రాసిన పత్రికలో అపొస్తలుడైన పౌలు అడవి ఒలీవ కొమ్మను మంచి ఒలీవచెట్టున అంటుకట్టుటను గూర్చి చెప్పుచు, అది స్వభావమునకు విరుద్ధమైన పనియని తానే ఒప్పుకొనుచున్నాడు. అయినను అన్యజనులమైన మనయెడల దేవుడు చేసినది అట్టి పనియే. స్వభావమునకు భిన్నమైనదంతయు పాపమని చెప్పువారు ఈ అధ్యాయమును మరల చదువవలెను. మన రక్షణయే అట్టి అంటువలన కలిగినది. అయితే పౌలు అక్కడనే అంటుకట్టబడిన కొమ్మ అతిశయపడకూడదని హెచ్చరించుచున్నాడు. ఆ హెచ్చరికను మనము తరువాత జ్ఞాపకము చేసికొందము.

ఉగాండా అరటితోటలో జరిగినది

టమాట విషయములో అడవి బంధువుండెను. అరటి విషయములో అది కష్టము. మనము తిను అరటికి గింజ లేదు. పిలకలు నాటి పెంచవలసినదే. గింజ లేనిచోట సంకరము చేయుట బహు ప్రయాసతోకూడిన పని. తూర్పు ఆఫ్రికాలోని ఉగాండా దేశములో అరటికాయ మనకు అన్నమువంటిది. ఆకులలో చుట్టి ఆవిరిమీద ఉడికించి, మెదిపి, కుటుంబమంతయు తినును. అక్కడ నులిపురుగులు అరటివేళ్ళను తొలిచివేయగా, గెల వేసిన చెట్టు గాలికి మొదలంట కూలిపోవును. పిలకతోకూడ పురుగు ఒక తోటనుండి మరియొక తోటకు పోవును.

ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయమువారును, ఆఫ్రికాలో పనిచేయు అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థవారును కూడి, గొంజా అను కూర అరటి రకములో రెండు ఉపాయములు ప్రయోగించిరి. మొదటిది మొక్కజొన్న గింజలో సహజముగా ఉండు సిస్టాటిన్ అను మాంసకృత్తు. అది నులిపురుగు కడుపులో ఆహారము అరుగకుండ చేయును. ఇట్టి మాంసకృత్తులు వరిగింజలోను, కోడిగ్రుడ్డు తెల్లసొనలోను, మన నోటి ఉమ్మిలోను ఉన్నవి. రెండవది ఒక చిన్న పదార్థము. అది పురుగును చంపదు గాని, వేరు ఎక్కడనున్నదో పసిగట్టు శక్తిని చెరపును. లోతు ఇంటి వాకిటను ఎదుట తలుపు వెదకి విసికిన సొదొమ మనుష్యులవలె (ఆదికాండము 19:11) పురుగు దారి తప్పును.

ఉగాండాలోని కవాండా పరిశోధనక్షేత్రములో జరిగిన ఈ పరీక్ష ఫలితములు 2015లో ప్రచురింపబడెను. రెండవ ఉపాయముగల మొక్కలలో మిక్కిలి శ్రేష్ఠమైనది తొలి గెల కోతవరకు పురుగును ఇంచుమించు 99 శాతము అడ్డగించెను. మార్పులేని మొక్కలు నూరు పాళ్ళు కాసినచోట ఇది సుమారు 186 పాళ్ళు కాసెను. అరటికి గింజలేదు గనుక ఈ క్రొత్త గుణము పుప్పొడిద్వారా ఇతర మొక్కలకు ప్రాకుట అరుదు. ఆకలిగొన్నవారి పక్షమున చేయబడిన పనిగా దీనిని మేము ఎంచుచున్నాము.

అయినను ఇది పరీక్షాక్షేత్రములో పండిన పంట. ఇట్టి మొక్కలను నియమించు చట్టమును ఉగాండా శాసనసభ 2017లో ఆమోదింపగా, అధ్యక్షుడైన ముసెవేని సంతకము చేయక త్రిప్పి పంపెను. తరతరములుగా విత్తనమును కాచిన రైతుల హక్కు ఏమగును, పాత రకములు చెడకుండ ఎట్లు కాపాడవలెను అనునవి అతడు లేవనెత్తిన ప్రశ్నలలో ఉండెను. ఈ ప్రశ్నలు శాస్త్రమునకు శత్రువులు కావు. వీటికి జవాబు చెప్పుట శాస్త్రజ్ఞులకును, పాలకులకును కలిసిన బాధ్యత.

ఈ సంగతి మనకును దూరమైనది కాదు. మన పొలములలో 2002లో అనుమతి పొందిన బిటి పత్తి యున్నది. బిటి వంకాయను కేంద్ర ప్రభుత్వము 2010లో నిలిపివేసెను. 2025 మే నెలలో హైదరాబాదులోని భారత వరి పరిశోధన సంస్థ, మన సాంబ మసూరినుండి జన్యుసవరణచేత రూపొందించిన వరి రకము ప్రకటింపబడెను. కాబట్టి ఏది మంచిదో వివేచించు పని మన గుమ్మమువద్దనే యున్నది.

పాపము ఎక్కడ ప్రవేశించును?

విత్తనమును బలపరచుట స్వతహాగా పాపము కాదని మా నమ్మకము. అయితే మంచి పనిలోను పాపము ప్రవేశించు వాకిళ్ళున్నవి. వాటిలో నాలుగు చెప్పుదుము.

మొదటిది, అతిశయము. టమాటకు వచ్చిన ఆ శక్తి నేల వేడి 28 డిగ్రీల సెంటిగ్రేడు దాటినప్పుడు సన్నగిల్లును. మన వేసవి నేల వేడి అందరికి తెలిసినదే. అమెరికాలో సోయాచిక్కుడును పట్టు నులిపురుగు 1954లో ఉత్తర కరోలినాలో మొదట కనబడెను. దానిని ఎదుర్కొను రకములలో ఇంచుమించు నూటికి 95 ఒకే మూలవిత్తనమునుండి వచ్చినవి; పలుచోట్ల పురుగు దానిని జయించుట నేర్చుకొనెను. మన పత్తిలో గులాబి రంగు పురుగు బిటి రక్షణను దాటుట మన రైతులు కన్నులార చూచిరి. ఐర్లండు పేదలు ఒకే రకము దుంపపై ఆధారపడినందున కరవు మరింత ఘోరమాయెను. దేవుడు విత్తనములను అనేక రకములుగా ఇచ్చెను; మనము ఒక్కదానినే రక్షకునిగా చేసికొనినయెడల అది విగ్రహమగును. నాటువాడును నీళ్ళు పోయువాడును ఏమాత్రపువారో పౌలు కొరింథు సంఘమునకు చెప్పెను; వృద్ధి దేవునిది.

రెండవది, బిగబట్టుట. ధాన్యమును బిగబట్టువానిమీదికి జనుల శాపము వచ్చునని సామెతలు 11:26 చెప్పుచున్నది. ధాన్యమును బిగబట్టుట పాపమైనప్పుడు విత్తనమును బిగబట్టుట ఇంకెంత? కష్టపడి కనుగొనినవానికి కూలి ఇయ్యవలసినదే. పనివాడు జీతమునకు పాత్రుడు. అయితే రైతు ప్రతి యేడు అప్పుచేసి విత్తనము కొనవలసిన స్థితిలో అతనిని ఉంచుట నాబోతు ద్రాక్షతోటను ఆశించినవాని దారి. మన దేశములో 2001 నాటి మొక్కల రకముల మరియు రైతుల హక్కుల పరిరక్షణ చట్టము, రైతు తన పంట విత్తనమును దాచుకొనుటకు, తిరిగి విత్తుటకు, ఇచ్చి పుచ్చుకొనుటకు, వ్యాపారముద్ర వేయక అమ్ముకొనుటకు హక్కు ఇచ్చియున్నది. ఈ సంగతి మన సంఘములలో ప్రతి రైతుకు తెలియవలెను.

మూడవది, అబద్ధసాక్ష్యము. ఈ విత్తనము వేసిన ఇక ఏ మందు అక్కరలేదని అమ్మువాడు చెప్పుట అబద్ధసాక్ష్యము. ఈ కాయ తిన్నవారికి ఈ రోగము వచ్చును, ఆ రోగము వచ్చునని ఆధారములేకుండ ఊరంతట చెప్పుటయు అబద్ధసాక్ష్యమే. మన నాలుకలు రెండు ప్రక్కల కావలిలో ఉండవలెను. పరీక్షించి మేలైనదానిని పట్టుకొనుడని అపొస్తలుడు థెస్సలొనీకయులకు నేర్పినది ఇట్టి సమయములకే.

నాల్గవది, పొరుగువానిని మరచుట. ఇది శాస్త్రజ్ఞులను ఎంతమాత్రము పట్టదు, మనలను పట్టును. నులిపురుగు తనంతట తాను సంవత్సరమునకు కొద్ది దూరమే ప్రాకగలదు. దానిని ఊరూర మోయుచున్నది మనమే: నారుతో, పిలకతో, దుంపతో, నాగలికి అంటిన బురదతో, పై చేనినుండి క్రింది చేనికి విడిచిన నీటితో. తన నారుమడిలో వేళ్ళకు బుడిపెలున్నవని తెలిసియు నారు అమ్మువాడు, తన తోటలో చెట్లు కూలుచున్నవని తెలిసియు పిలకలు అమ్మువాడు, ఏమి చేయుచున్నాడు? కొనువాడు బుడిపెను గుర్తింపలేని పేద విధవరాలు కావచ్చును. ఆమె చేను ఒకసారి పట్టుబడిన తరువాత బహు సంవత్సరములు విడుదల లేదు. దొంగ తూనికను అసహ్యించుకొను దేవుడు దొంగ నారును అంగీకరించునా? జన్యువులను మార్చుట పాపమా అని వాదించు మనము, మన నారుకట్టను గూర్చి మౌనముగా ఉన్నయెడల, దోమను వడియగట్టి ఒంటెను మ్రింగువారమగుదుము.

చేతిలోనున్న పని

క్రొత్త విత్తనము వచ్చువరకు మనము ఊరకుండవలసిన పనిలేదు. వచ్చిన తరువాతను ఈ పనులు మానవలసినవి కావు. నారు కొనుటకు ముందు రెండు మొక్కలను పెరికి వేళ్ళు కడిగి చూడుడి. పంట తీసిన పిమ్మట బుడిపెలున్న వేళ్ళను చేనిలోనే దున్నివేయక ఏరి కాల్చుడి. వేసవిలో లోతు దుక్కి దున్నినయెడల ఎండకు గ్రుడ్లును పిల్లపురుగులును చచ్చును. నారుమడిని తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా కప్పి నాలుగైదు వారములు ఎండలో ఉంచుట మంచి పద్ధతి. వేపపిండి వేయుట మన పెద్దలు ఎరిగినదే. బంతి మొక్క వేళ్ళలో నులిపురుగుకు సరిపడని పదార్థమున్నది గనుక దానిని పైరు మార్పిడిగా వేయుట మేలు. ఏటేట వంగ తరువాత టమాట, టమాట తరువాత బెండ వేయుట పురుగుకు విందు చేయుటయే.

ఏడవ యేట భూమికి విశ్రాంతినియ్యవలెనని దేవుడు ఇశ్రాయేలునకు ఆజ్ఞాపించెను (లేవీయకాండము 25). తిండి దొరకక నేలలో నులిపురుగు క్షీణించుట ఆ విశ్రాంతిలోని మేళ్ళలో ఒకటి. ఎకరము భూమిగలవాడు ఒక యేడు బీడు పెట్టలేడని మాకు తెలియును. అయితే పైరు మార్చుటయు ఒక విధమైన విశ్రాంతియే. భూమి ఆయనది, మనము ఆయనయొద్ద అతిథులము. ఎంత బలమైన విత్తనమైనను అలసిన నేలకు బదులు కాజాలదు.

ముగింపు

ప్రియులారా, క్రొత్త విత్తనము మీ ఊరికి వచ్చిన దినమున భయపడి పారిపోకుడి, ఆశపడి పరుగెత్తకుడి. నాలుగు ప్రశ్నలు అడుగుడి. ఇది ఆకలిగొన్నవానికి మేలుచేయునా? నా నేలకును, నా పొరుగువానికిని హాని చేయదని సరిగా పరీక్షింపబడెనా? రేపు నేను దీనిని విడిచిపెట్టదలచినయెడల నా పాత విత్తనము నాయొద్ద ఉండునా? దీనిని నాటిన తరువాతను దేవునియందే నమ్మికయుంచుదునా? ఈ నాలుగింటికి మంచి మనస్సాక్షితో అవునని చెప్పగలవాడు స్తోత్రము చెల్లించి నాటవచ్చును. చెప్పలేనివాడు ఆగవచ్చును, ఆగినవానిని నాటినవాడు తృణీకరింపకూడదు, నాటినవానికి ఆగినవాడు తీర్పు తీర్చకూడదు. భోజనమును గూర్చి రోమా సంఘమునకు పౌలు ఇచ్చిన నియమము (రోమీయులకు 14) విత్తనమును గూర్చియు మనకు చాలును.

సంఘ కూటములలో మాటలాడుకొనుటకు:

1. మన ఊరిలో నారు, పిలకలు అమ్ముకొనువారు తమ నారు రోగములేనిదని నిజాయితీగా చెప్పుటకు సంఘముగా మనమేమి చేయగలము?

2. మన పెద్దలనాటి విత్తనములలో ఇప్పటికిని ఎవరియొద్ద ఏవి మిగిలియున్నవి? వాటిని ఎట్లు కాపాడుదుము?

3. పంట పోయిన సహోదరునితో ఇది దైవశిక్షయని చెప్పుటకు ముందు, మనము అతనికి ఏ సహాయము చేసితిమి?

ప్రార్థన: భూమికి యజమానుడవైన తండ్రీ, మా వేళ్ళను తొలుచు పురుగునుండియు, మా హృదయములను తొలుచు లోభమునుండియు మమ్మును కాపాడుము. వెదకువారికి జ్ఞానమును, విత్తువారికి వినయమును, అమ్మువారికి సత్యమును దయచేయుము. ఆకలిగొన్న ప్రతి యింట నీ దయచేత రొట్టె నుండనిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.